డేగ బొమ్మ నోటు మీద... డేగ పిల్ల పిల్లి నోట్లో!

న్యూజిలాండ్‌లో ఉన్న మనవాళ్లు ఒక్కసారి పర్సు తీసి 20 డాలర్ల నోటు వెనక్కి తిప్పి చూడండి. అక్కడో డేగ బొమ్మ కనిపిస్తుంది. మావోరీలు దాన్ని ‘కారెయారెయా’ అంటారు. వారం కూలి చేతికొచ్చినప్పుడల్లా, దుకాణంలో చిల్లర తీసుకున్నప్పుడల్లా మన చేతుల్లోంచి వెళ్తూనే ఉంటుంది. కానీ నిజం డేగని చూసినవాళ్లు మనలో ఎంతమంది? ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలోనే చాలామంది చూళ్లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి 5 వేల నుంచి 8 వేల దాకా ఉంటాయని అంచనా. మన దగ్గర ఓ మోస్తరు ఊరి జనాభా అంత!

2025 సెప్టెంబరులో ఈ డేగకి పెద్ద పేరొచ్చింది. ‘ఫారెస్ట్ అండ్ బర్డ్’ సంస్థ ఏటా జనం ఓట్లతో నడిపే ‘బర్డ్ ఆఫ్ ద ఇయర్’ పోటీలో అదే గెలిచింది. 2012లోనూ ఓసారి గెలిచింది. ఆ రెండు నెలలకే, అంటే నవంబరులో, ఆ దేశ ప్రభుత్వం మరో నిర్ణయం ప్రకటించింది. అడవుల్లో తిరిగే పిల్లులని 2050 నాటికి దేశంలో లేకుండా చెయ్యాల్సిన జంతువుల జాబితాలో చేర్చింది. ఈ రెండు వార్తలూ విడివిడిగా వచ్చాయిగానీ, నిజానికి ఒకే కథకి రెండు ముక్కలు. ఆ కథలో కెమెరాలున్నాయి, ద్రాక్ష తోటలున్నాయి, విషం ఉంది, రాజకీయం ఉంది. చివరికి మన సూట్‌కేసులో అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా కూడా ఉంది. ఎలాగో చూద్దాం.

నేల మీద గూడు... అదే అసలు ముప్పు

మన దగ్గర గద్ద గూడంటే ఎక్కడో చెట్టు చిటారు కొమ్మన ఉంటుంది. తాటి చెట్టెక్కితేగానీ అందదు. న్యూజిలాండ్ డేగ తీరు వేరు. కొండ అంచున, పడిపోయిన దుంగ కింద, ఒక్కోసారి మైదానంలో రాయి పక్కన నేల మీదే చిన్న గుంటలా గోకి గుడ్లు పెట్టేస్తుంది. రెండు నుంచి నాలుగు గుడ్లు. నెల రోజులకు పైగా పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి ఇంకో అయిదారు వారాలు పడుతుంది. అంటే రెండు నెలలకు పైగా ఆ సంసారమంతా నేల మీదే.

ఇదేం తెలివితక్కువతనం అనిపించొచ్చు. కాదు. ఈ దేశంలో మనుషులు అడుగుపెట్టక ముందు నేల మీద తిరిగే వేటాడే జంతువన్నదే లేదు. గబ్బిలాలు తప్ప నేలమీది పాలిచ్చే జంతువులే లేవు. భయమంతా పైనుంచే, అంటే పెద్ద గద్దల నుంచే. అందుకే ఇక్కడి పక్షులు కింద దాక్కోవడం నేర్చుకున్నాయి. కొన్నయితే ఎగరడమే మానేశాయి. కివి పిట్ట కథ అందరికీ తెలిసిందే కదా.

ఆ తెలివే తర్వాత మెడకు చుట్టుకుంది. గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకెళ్లి, గాల్లో ఎగిరే పిట్టను గాల్లోనే పట్టుకునే ఈ డేగ, నేల మీద ఉన్న తన గుడ్డుని మాత్రం కాపాడుకోలేకపోతోంది. మనిషొచ్చినా తలమీదికి దూకి తన్నే ధైర్యం దానికుంది. కానీ అర్ధరాత్రి చప్పుడు లేకుండా వచ్చే పిల్లిని ఏం చేస్తుంది?

ఎలుకకి పిల్లి... కుందేలుకి స్టోట్... మరి వీటికి?

తప్పు ఎక్కడ మొదలైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 13వ శతాబ్దంలో మావోరీల పడవల్లో ఓ రకం ఎలుకలు, కుక్కలు వచ్చాయి. ఆ తర్వాత యూరప్ ఓడల్లో పెద్ద ఎలుకలు, పిల్లులు దిగాయి. 1837లో బొచ్చు వ్యాపారం కోసం ఆస్ట్రేలియా నుంచి పోసమ్‌లని తెచ్చి వదిలారు. వేటకీ, కూరకీ పనికొస్తాయని కుందేళ్లని తెచ్చారు. కుందేళ్లు గొర్రెల మేతంతా తినేస్తుంటే, వాటిని పట్టడానికి 1880ల్లో స్టోట్‌లని దిగుమతి చేశారు. స్టోట్ అంటే మన ముంగిసకి చిన్న తమ్ముడిలా ఉంటుందనుకోండి. సన్నగా, పొడుగ్గా, చెట్టెక్కుతుంది, ఈదుతుంది, కన్నంలో దూరుతుంది. వద్దు బాబోయ్ అని పక్షి శాస్త్రజ్ఞులు ముందే మొత్తుకున్నారు. వినేవాళ్లేరీ? స్టోట్‌లకి కుందేళ్లని వెంటాడే శ్రమ ఎందుకు, నేల మీద గుడ్లు పరిచి ఉంటే!

ఇంకో తమాషా చూడండి. పంటల మీద పురుగులని తింటాయని ఇంగ్లండు నుంచి పిచ్చుకలు వగైరా చిన్న పిట్టలని తెచ్చారు. అవి పళ్ల తోటల మీద పడ్డాయి. వాటిని తినడానికని 1906 నుంచి 1910 మధ్య జర్మనీ నుంచి చిన్న గుడ్లగూబలని తెచ్చి ఒటాగోలో వదిలారు. ఒక తప్పుని దిద్దడానికి ఇంకో తప్పు... దాన్ని దిద్దడానికి మరోటి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

మరోపక్క సొంత గద్దల మీదేమో పగ. ఊళ్లలో, పొలాల మీద నెమ్మదిగా చక్కర్లు కొట్టే పెద్ద పిట్ట ‘కాహు’ ఇక్కడిదే. బయటినుంచి తెచ్చిన వేట పక్షుల పిల్లలని తింటోందని, దాన్ని చంపి తెచ్చినవాళ్లకి ఒకప్పుడు డబ్బులిచ్చారు. పరాయి పిట్టని కాపాడ్డానికి ఇంటి పిట్టకి వెల కట్టారన్నమాట!

ఫొటో మిగిలింది... పిట్ట పోయింది

ఇక్కడే కెమెరా కథలోకి వస్తుంది. దక్షిణ దీవిలో ‘ఫేకౌ’ అనే గుడ్లగూబ ఉండేది. దాని అరుపు మనిషి నవ్వినట్టు ఉండేదని నవ్వే గుడ్లగూబ అని పేరు పెట్టారు. 1909 ప్రాంతంలో సౌత్ కాంటర్‌బరీలోని రెయిన్‌క్లిఫ్ దగ్గర కుత్‌బర్ట్ పార్, ఆలివర్ పార్ అనేవాళ్లు బతికున్న ఆ పిట్టని ఫొటోలు తీశారు. ఆ రోజుల్లో కెమెరా అంటే ఇప్పట్లా జేబులో పెట్టుకునేది కాదు. బరువైన పెట్టె, గాజు పలకలు. అయినా తీశారు. ఆ తర్వాత అయిదేళ్లు తిరక్కుండానే, 1914లో అదే ప్రాంతంలోని బ్లూక్లిఫ్స్ దగ్గర ఒక ఫేకౌ చచ్చి పడి కనిపించింది. ఖాయంగా తెలిసిన ఆఖరి పిట్ట అదే. పిల్లులు, స్టోట్‌ల లాంటివే దాన్ని మింగేశాయని శాస్త్రజ్ఞుల మాట. ఇప్పుడు ఆ పిట్ట ఎలా ఉండేదో చూడాలంటే మిగిలింది ఆ పాత ఫొటోలు, మ్యూజియం బీరువాల్లో కూరిపెట్టిన శరీరాలు.

ఫొటో కూడా దక్కనిది ఇంకోటుంది. హాస్ట్ గద్ద. ప్రపంచంలో మనకి తెలిసిన గద్దలన్నిట్లోకీ పెద్దది. 10 కిలోలు దాటే బరువు. ‘మోవా’ అనే రెక్కల్లేని భారీ పక్షిని వేటాడి బతికేది. మనుషులొచ్చి మోవాలని తినేశారు, అడవులు కాల్చారు. తిండి లేక సుమారు 600 ఏళ్ల కిందట ఆ గద్ద కూడా అంతరించింది. 1870ల్లో జూలియస్ వాన్ హాస్ట్ దాని ఎముకలు చూసి లోకానికి చెప్పాడు.

రెండు వేటపక్షులు పోయాయి. మూడోదైన కారెయారెయాకి ఇప్పుడు బోలెడు ఫొటోలున్నాయి. నోటు మీద ఉంది, పోస్టర్ల మీద ఉంది, జనం ఫోన్లలో ఉంది. కానీ ఫొటోలెక్కువైనంత మాత్రాన పిట్టలెక్కువైనట్టు కాదు. ఫేకౌ మనకి చెప్పే పాఠం ఇదే. ఫొటో తీసేవాడు సాక్షి మాత్రమే. కాపలాదారు వేరే ఉండాలి.

ద్రాక్ష తోటకి డేగ కాపలా

కాపలా అంటే గుర్తొచ్చింది. మార్ల్‌బరో ప్రాంతం పేరు అక్కడి తోటల్లో పనిచేసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రపంచమంతా వెళ్లే ద్రాక్షసారాకి పుట్టిల్లు. కాయ పండే వేళకి పిట్టల బెడద. వలలు కప్పాలి, తుపాకులు పేల్చాలి, మోటారు సైకిళ్ల మీద తిరుగుతూ తోలాలి. ఇదంతా ఖర్చే.

2005లో అక్కడ ‘ఫాల్కన్స్ ఫర్ గ్రేప్స్’ అనే ప్రయత్నం మొదలైంది. కొండల్లో ఉన్న డేగ పిల్లలని తెచ్చి, తోటల మధ్య ఎత్తయిన చోట గూళ్లు కట్టి, తిండి పెట్టి పెంచి వదిలారు. కాంటర్‌బరీ యూనివర్సిటీ తరఫున శారా క్రాస్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం దీన్ని లెక్కగట్టారు. గూళ్ల దగ్గర చిన్న వీడియో కెమెరాలు పెట్టి పగలూ రాత్రీ చూశారు. 2012లో బయటపెట్టిన ఫలితం ఏంటంటే, డేగలున్న తోటల్లో పిట్టలు ఎత్తుకుపోయే ద్రాక్షపళ్లు 95 శాతం తగ్గాయి. హెక్టారుకి సావిన్యోన్ బ్లాంక్ రకంలో 234 అమెరికా డాలర్లు, పీనో నోయార్ రకంలో 326 డాలర్లు మిగిలినట్టు అంచనా వేశారు. తగ్గిన పిట్టల్లో ఎక్కువ భాగం యూరప్ నుంచి తెచ్చినవే!

గమనించారా? వందేళ్ల పాటు బయటి జంతువుని తెచ్చి చేయించబోయి చెడగొట్టుకున్న పనిని, ఇంటి డేగ జీతం భత్యం లేకుండా చేసిపెట్టింది. అయితే దానికీ కొత్త గండాలు తప్పలేదు. తోటల దగ్గరి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల మీద వాలి షాక్ కొట్టి డేగలు చచ్చిపోయాయి. తీగలకి, స్తంభాలకి తొడుగులు వెయ్యాల్సిన అవసరం అప్పుడు తెలిసొచ్చింది. పిట్టని కాపాడటమంటే ఒక్క పిల్లిని పట్టడమే కాదన్నమాట.

2050 లెక్క ఎక్కడిదాకా వచ్చింది?

2016 జులైలో అప్పటి ప్రధాని జాన్ కీ పెద్ద ప్రకటన చేశారు. ఎలుకలు, స్టోట్‌లు, పోసమ్‌లు 2050 నాటికి దేశంలో ఒక్కటి కూడా ఉండకూడదు. ఇవి ఏటా 2.5 కోట్ల స్థానిక పక్షులని చంపుతున్నాయన్నది అప్పట్లో ప్రభుత్వం చెప్పిన లెక్క. ప్రపంచంలో ఏ దేశమూ ఇంత పెద్ద పని తలకెత్తుకోలేదు.

గెలుపులు లేకపోలేదు. వెల్లింగ్టన్ నగరంలోనే మిరమార్ ద్వీపకల్పంలో ఇళ్ల మధ్య, దుకాణాల మధ్య ఎలుకలు, స్టోట్‌లు, వీజిల్‌లు లేకుండా చేసినట్టు 2023లో ప్రకటించారు. అదే నగరం పక్క కొండల్లో వేల బోనులు పెట్టి స్టోట్‌లని అదుపు చేశాక, 2022లో కివి పిట్టలని మళ్లీ తెచ్చి వదిలారు. నగరం నడిబొడ్డున 225 హెక్టార్ల చుట్టూ కంచె కట్టిన ‘జీలాండియా’లోకి డేగలు వాటంతట అవే వచ్చి గూడు కట్టుకున్నాయి. భద్రత ఉంటే పిట్టని ఎవరూ పిలవక్కర్లేదు, అదే వస్తుంది.

కానీ మూడు చిక్కులున్నాయి.

మొదటిది డబ్బు. ఈ పని కోసం పెట్టిన ‘ప్రెడేటర్ ఫ్రీ 2050 లిమిటెడ్’ అనే కంపెనీని 2025 బడ్జెట్‌లో మూసేస్తున్నట్టు ప్రభుత్వం చెప్పింది. దాని పనిని పర్యావరణ పరిరక్షణ శాఖకి అప్పగించింది. ఖర్చు తగ్గుతుందని ప్రభుత్వం అంటోంది. లక్ష్యం పెంచి చేతులు కట్టేస్తే ఎలా అని పక్షి ప్రేమికులు అడుగుతున్నారు. ఒకే ఏడాదిలో కంపెనీని మూసెయ్యడం, పిల్లులని జాబితాలో కలపడం... రెండూ జరిగాయి. పని పెరిగింది, దానికి తగ్గ చేతులు పెరగాలి కదా. మేస్త్రీని తీసేసి మేడకి ఇంకో అంతస్తు కట్టమన్నట్టుంది.

రెండోది విషం. మనిషి నడవలేని కొండల్లో ‘1080’ అనే మందుని హెలికాప్టర్ల నుంచి చల్లుతారు. వేటగాళ్లు, కుక్కలున్నవాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. కుక్కకి అది ప్రాణాంతకం. మావోరీ తెగల్లోనూ రెండు రకాల అభిప్రాయాలున్నాయి. అయితే 2011లో ఆ దేశ పార్లమెంటరీ పర్యావరణ కమిషనర్ జాన్ రైట్ అంతా పరిశీలించి, ప్రస్తుతానికి దీన్ని మించిన దారి లేదు, వాడాల్సిందే అని నివేదిక ఇచ్చారు. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు.

మూడోది పిల్లి. అడవి పట్టిన పిల్లులు 25 లక్షలకు పైనే ఉంటాయని అంచనా. 2010లో రువాపెహు కొండ దగ్గర ఒక్క వారంలో వందకు పైగా అరుదైన గబ్బిలాలని పిల్లి చంపేసిన సంగతి బయటపడి జనం నివ్వెరపోయారు. అయినా పిల్లి అంటే ఇంట్లో మనిషి లాంటిది. 2013లో గారెత్ మోర్గాన్ అనే వ్యాపారవేత్త పిల్లుల పెంపకమే మానుకోండని ప్రచారం చేస్తే దేశమంతా ఆయన మీద విరుచుకుపడింది. 2023లో నార్త్ కాంటర్‌బరీలో అడవి పిల్లుల వేటకి పిల్లల పోటీ పెట్టబోయి, గొడవ కావడంతో వెనక్కి తగ్గారు. అందుకే ప్రభుత్వం ఇప్పుడు జాగ్రత్తగా మాట్లాడుతోంది. ఇంట్లో పెంచుకునే పిల్లి ఈ జాబితాలో లేదు. ఆదరించే మనిషి లేకుండా, అడవిలో వేటాడి బతికేదే ఉంది.

మరి ఇంటి పిల్లికీ, అడవి పిల్లికీ మధ్య గోడ ఎక్కడ? ఇల్లు మారినప్పుడు వదిలేసిన పిల్లే రేపు అడవి పిల్లికి తల్లి. ఈ విధానం గెలుస్తుందా ఓడుతుందా అన్నది అడవిలో కాదు, ఊళ్లో తేలుతుంది. బోను అడవిలో పెట్టి పిల్లల్ని ఊళ్లోంచి సరఫరా చేస్తుంటే 2050 కాదు, 2150 వచ్చినా లెక్క తేలదు. పెంపుడు పిల్లికి చిప్ పెట్టించడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం దేశమంతటా తప్పనిసరి చెయ్యాలని పక్షుల సంఘాలు అడుగుతున్నది అందుకే.

మన గోరువంక అక్కడ విలన్!

ఇక మనకి సంబంధించిన ముక్క. ఆక్లాండ్‌లో దిగిన కొత్తలో రోడ్డు పక్క పచ్చికలో పసుపు ముక్కు, పసుపు కాళ్లతో గెంతే పిట్టని చూసి చాలామంది తెలుగువాళ్లకి ప్రాణం లేచొస్తుంది. అచ్చం మన గోరువంకే! అవును, మన గోరువంకే. 1870ల్లో పురుగులు తింటుందని దాన్ని అక్కడికి తెచ్చి వదిలారు. ఇప్పుడు ఉత్తర దీవి పైభాగమంతా దాని రాజ్యమే. తొర్రల్లో స్థానిక పిట్టల చోటు ఆక్రమిస్తుంది, గుడ్లు పగలగొడుతుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జీవుల జాబితాలో దాని పేరుంది.

మన జానపదాల్లో ముద్దుగా పిలుచుకునే పిట్ట అక్కడ దొంగ అయింది. పిట్ట తప్పేముంది? దాని ఊళ్లో దానికి పోటీగా నిలిచేవి ఉన్నాయి, వేటాడేవి ఉన్నాయి. అక్కడ అడ్డుకునేవాళ్లు తక్కువ. ‘ఇండియన్ మైనా’ అన్న మాటని ఎవరైనా మనల్ని ఎద్దేవా చెయ్యడానికి వాడితే బాధనిపిస్తుంది, నిజమే. కానీ దాన్ని తెచ్చింది మనం కాదు. తెల్లదొరలు కావాలని తెచ్చి, కావాలని వదిలారు. 1904లో మన హిమాలయాల తార్ అనే కొండమేకని కూడా అలాగే తెచ్చి మౌంట్ కుక్ దగ్గర వదిలారు. వలస వచ్చిన మనిషికీ, తెచ్చి వదిలిన జంతువుకీ ముడిపెట్టడం సరికాదు. మనిషికి చెబితే తెలుస్తుంది, నేర్చుకుంటాడు. అందుకే మనం నేర్చుకోవాలి.

‘మనకెందుకీ గొడవ’ అనుకోవద్దు

పాలకేంద్రంలోనో, పళ్లతోటలోనో, ప్యాకింగ్ షెడ్డులోనో పనిచేసేవాడికి డేగ సంగతెందుకు అనిపించొచ్చు. 2010 నవంబరులో టె పుకె దగ్గర కివి పళ్ల తోటలకి ‘పీఎస్ఏ’ అనే బాక్టీరియా తెగులొచ్చింది. బంగారు రకం తీగలని తీసేయాల్సొచ్చింది. తోటే లేకపోతే కోతకి పనెక్కడిది? 2017లో పశువులకి మైకోప్లాస్మా బోవిస్ వచ్చింది. దాన్ని తుదముట్టించడానికి లక్షా 80 వేలకు పైగా పశువులని చంపాల్సొచ్చింది. బయటి జీవి ఒక్కటి జొరబడితే ముందు దెబ్బ తినేది రోజు కూలివాడే.

2025 జనవరిలో ఆక్లాండ్‌లోని పాపటోయిటోయిలో, అంటే మన భారతీయులు బోలెడంతమంది ఉండే చోట, ఓ ఉచ్చులో ఓరియంటల్ ఫ్రూట్ ఫ్లై అనే పండు ఈగ ఒక్కటి దొరికింది. ఒక్కటే! వెంటనే ఆ చుట్టుపక్కల ఇళ్ల నుంచి పళ్లు, కూరగాయలు బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలు పెట్టారు. ఇంకో ఈగ దొరకలేదని తేల్చుకున్నాకే ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఒక్క ఈగకి అంత హడావుడా అని మనవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. ఒక్క జత స్టోట్‌లకి అంత హడావుడి చేసి ఉంటే ఇవాళ ఈ కథే ఉండేది కాదు.

అందుకే ఎయిర్‌పోర్టులో అంత కట్టుదిట్టం. న్యూజిలాండ్ వెళ్లే ప్రతి ఒక్కరూ ట్రావెలర్ డిక్లరేషన్ నింపాలి. తినే వస్తువు, మొక్క, విత్తనం, జంతు సంబంధమైనది ఏదున్నా రాయాలి. దాచి దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. కావాలని మోసం చేసినట్టు తేలితే లక్ష డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు. తేనె సీసా, పచ్చి కరివేపాకు, వడియాలు, గింజలు, పూజ సామాను, పిండివంటలు... ఏదైనా సరే, అనుమానముంటే రాసెయ్యండి. రాసి చూపించినందుకు జరిమానా ఉండదు. మహా అయితే ఆ వస్తువు పారేస్తారు. అమ్మ చేతి పచ్చడి పోతే మనసు చివుక్కుమంటుంది. వీసా మీద మచ్చపడితే మాత్రం బతుకే తారుమారవుతుంది. మన బియ్యం, పప్పుల బస్తాల్లో దాక్కునే ఖప్రా పురుగంటే ఆ దేశానికి హడలు. గోదాముల్లో ధాన్యాన్ని పిండి చేసే పురుగది.

కెమెరా పట్టుకునే ముందు

సెలవు రోజున కెమెరా మెడలో వేసుకుని కొండలెక్కే మన కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మంచిదే. డబ్బు పెద్దగా ఖర్చు కాని సరదా, మనసుకి తేలిక. అయితే కొన్ని గుర్తుంచుకోవాలి.

ముందు ఏది డేగో, ఏది కాహువో తెలుసుకోండి. రోడ్డు మీద చచ్చిన పోసమ్‌ని తింటూ, రెక్కలు ‘వి’ ఆకారంలో పైకెత్తి తీరుబడిగా తేలుతూ కనిపించే పెద్ద పిట్ట కాహు. గబగబా రెక్కలాడిస్తూ బాణంలా పోయే చిన్నది డేగ. రాత్రిపూట ‘రూ... రూ...’ అని కూసేది రూరూ అనే గుడ్లగూబ. కాహు ఫొటో కోసం హైవే మీద కారు హఠాత్తుగా ఆపకండి. దానికీ ముప్పే, మీకూ ముప్పే.

వసంతం నుంచి వేసవి మధ్య దాకా, అంటే అక్కడి సెప్టెంబరు నుంచి జనవరి దాకా, డేగ గూళ్ల కాలం. తల మీదికి అరుస్తూ దూకిందంటే గూడు దగ్గర్లో ఉందని అర్థం. ‘భలే షాటు’ అని అక్కడే నిలబడొద్దు. వచ్చిన దారినే వెనక్కి రండి. తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడతాయి. మీ కాళ్ల వాసన పట్టుకుని పిల్లో స్టోటో రాకపోదు. 1953 నాటి వన్యప్రాణి చట్టం కింద డేగని, దాని గూడుని చెదరగొట్టడం నేరం. ఫోన్లో దాని అరుపు వినిపించి పిలవడం, అనుమతి లేకుండా సంరక్షిత ప్రాంతాల మీద డ్రోన్ ఎగరెయ్యడం కూడా మానుకోవాలి.

ఫొటో పెట్టేటప్పుడు గూడున్న చోటు పేరు రాయకండి. ‘ఐనాచురలిస్ట్’ లాంటి చోట పెడితే అరుదైన పిట్టల చిరునామాని వాళ్లే మసకబారుస్తారు. పైగా మీ ఫొటో శాస్త్రజ్ఞులకి లెక్కగా పనికొస్తుంది. పిట్టతోపాటు బోనులో పడ్డ స్టోట్‌నీ, గూడు దగ్గర కనిపించిన పిల్లినీ కూడా తీసి పెట్టండి. అందం కాదుగానీ, అవసరమైన ఫొటో అదే.

దగ్గరగా చూడాలన్న కోరిక తీరాలంటే రొటోరువాలో ‘వింగ్‌స్పాన్’ వేటపక్షుల కేంద్రం ఉంది. పిల్లలని తీసుకెళ్లండి. ఆక్లాండ్‌వాళ్లకి టిరిటిరి మటాంగి దీవి దగ్గర. అడవిలోకి వెళ్లే ముందు బూట్లు, ట్రైపాడ్ కాళ్లు శుభ్రం చేసుకోండి. ‘కౌరి’ మహావృక్షాలని చంపే తెగులు మట్టితోనే పాకుతుంది. దారి మొదట్లో బ్రష్షులు, మందునీళ్లు పెట్టింది అలంకారానికి కాదు.

ఇంట్లో ఎలుకలుంటే మందు కన్నా బోను మేలు. మందు తిన్న ఎలుకని రూరూ తింటే విషం దానికీ ఎక్కుతుంది. చాలా పేటల్లో వారాంతాల్లో బోనులు చూసుకునే స్థానిక బృందాలున్నాయి. ఓ ఆదివారం వాళ్లతో కలవండి. పిట్టకి మేలు, మనకి నలుగురు పరిచయం. వేరే దేశంలో ‘మనవాళ్లు’ అనిపించుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఊరి సంగతీ ఇదే

ఇదంతా పరాయి దేశం ముచ్చటనుకోకండి. మన ఊళ్లో గొడ్డు చస్తే దిగే రాబందులు ఏమయ్యాయి? పశువులకి వాడిన డైక్లోఫెనాక్ మందు వాటిని తుడిచిపెట్టేసింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారుగానీ, అప్పటికే ఆలస్యమైంది. కొమురం భీం ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనబడితే అదో పెద్ద వార్తయింది. చెరువులు మింగిన గుర్రపుడెక్క, బీళ్లని కమ్మేసిన సర్కారు తుమ్మ, చేలల్లో దురద పెట్టే వయ్యారిభామ... ఇవన్నీ బయటినుంచి వచ్చినవే. న్యూజిలాండ్‌కి స్టోట్ ఎలాగో మనకి ఇవి అలాగ. తేడా ఒక్కటే. వాళ్లు తప్పు ఒప్పుకుని, తేదీ పెట్టుకుని, ఖర్చు రాసుకుని దిగారు. గెలుస్తారో లేదో గానీ దిగారు. మన దగ్గర సర్కారు తుమ్మకి తేదీ పెట్టినవాళ్లు ఎవరు?

ఈసారి జీతం రోజున 20 డాలర్ల నోటు చేతికొస్తే ఓ క్షణం వెనక్కి తిప్పండి. ఫేకౌ ఫొటోలు తీసినవాళ్లకి అదే ఆఖరని తెలియదు. మనకి తెలుసు. తెలిసి కూడా గూడు దగ్గర నిలబడి ఫొటో తీసుకుంటామా, రెండడుగులు వెనక్కి వేసి పిల్లని ఎగరనిస్తామా అన్నదే ప్రశ్న. నోటు మీది డేగ ఎప్పటికీ ఉంటుంది. కొండ మీది డేగ ఉండాలంటే మాత్రం ఆ రెండడుగులు మనం వెయ్యాల్సిందే.